ఉడుకు పాలు

మీకు తెలుసు. ఈ ఆసుపత్రి నడిపే పెద్దలు మీరు, తెలియదని మాత్రం అనకండి.

ఆసుపత్రి కింద, దుప్పట్లు ఉతికే నేలమాళిగలో, పసిపిల్లల తల్లులు రోజుకు రెండుసార్లు మూల సింకు దగ్గర నిలబడి రొమ్ము పిండి పాలు పారబోస్తున్నారని మీకు తెలుసు. మా సూపర్‌వైజరు ఈల సారుకు తెలుసు, ఆయన కుర్చీలోంచి సింకు తిన్నగా కనిపిస్తుంది. ఆయన పైనున్న మేనేజరుకు తెలుసు, సింకు పుల్లటి కంపు కొడుతోందని ఫినాయిలు పోయించింది ఆయనే. పై అంతస్తుల డాక్టర్లకు తెలియదంటే నమ్ముతాను, వాళ్లు ఒక్కరోజు కూడా మెట్లు దిగలేదు. అదీ తప్పే. మీ ప్రసూతి వార్డు గోడ మీద తల్లి బిడ్డకు పాలిస్తున్న బొమ్మ నిలువెత్తున ఉంది. ఆ వార్డు దుప్పట్లు ఉతికేది మేము. రెండు అంతస్తుల కింద మేము ఏం చేస్తున్నామో ఒక్కరు అడగలేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను.

ముందు మా చోటు ఎలా ఉంటుందో చూడండి. మెట్లు దిగగానే మురికి మూటలు పడే తొట్టి. పక్కన నాలుగు మెషిన్లు. గోడ అవతల బాయిలరు. మధ్యలో ఇస్త్రీ రోలరు. మంచం వెడల్పున ఉండే ఇనుప దిమ్మె, ఆవిరితో కాలిపోతూ తిరుగుతుంటుంది. ఇద్దరు మనుషులు తడి దుప్పటి అంచులు పట్టి దాని నోటికి అందిస్తే అవతలివైపు పొడిగా, సాపుగా వచ్చి పడుతుంది. అక్కడ మడతల బల్ల. ఆ బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా నేను. కిటికీ లేదు. గోడలకు చెమట పడుతుంది. సున్నం వేస్తే నెలకు పొరలు పొరలుగా ఊడుతుంది.

రోలరు దగ్గర పెద్దమ్మ. వరసకు ఎవరికీ పెద్దమ్మ కాదు, అందరికీ పెద్దమ్మే. ముప్పై ఐదేళ్ల సర్వీసు. రెండు ముంజేతుల మీదా కాలిన మచ్చలు వరసగా గాజుల్లా ఉంటాయి. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో గొడవైనా, ఈల సారు ఎవరి మీద విరుచుకుపడినా అడ్డం వెళ్లేది ఆమె. అందుకే ఆమె మాట మాకు చట్టం.

ఆ చట్టాల్లో ఒకటి ఉడుకు పాల గురించి.

బాయిలరు పక్కన పనిచేసే ఆడదాని రొమ్ములో పాలు ఉడుకుతాయి. ఉడుకు పాలు బిడ్డకు విషం. షిఫ్టులో రెండుసార్లు పిండి పారబోయాలి. ఇంటికి వెళ్లాక కూడా ఒళ్లు చల్లబడేదాకా బిడ్డ నోటికి రొమ్ము ఇవ్వకూడదు. చల్లబడటానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు భయమే గెలుస్తుంది కదా. అసలు పాలే ఇవ్వడం మానేసి డబ్బా పాలపొడికి మారిపోవడం మా దగ్గర మామూలైపోయింది.

పెద్దమ్మ దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. ముప్పై రెండేళ్ల కింద ఆమెకు మూడు నెలల కొడుకు. ఓ మధ్యాహ్నం సెలవు చెప్పి ఇంటికి పరుగెత్తింది, చంటివాడికి పాలిచ్చింది. ఆ సాయంత్రం వాడికి వాంతులు, విరేచనాలు. రెండో రోజుకు పోయాడు. పనిలోకి తిరిగొచ్చిన రోజు అప్పటి సూపర్‌వైజరు అన్నాడట, "బాయిలరు దగ్గర ఉడికిన పాలు తాగించావు, ఇంకేమవుతుంది." అంతే. ఆ మాట ముప్పై రెండేళ్లు ఆ గోడల మధ్యే తిరిగింది. కొత్తగా తల్లయిన ప్రతి మనిషినీ పెద్దమ్మ పక్కకు పిలిచి తన కొడుకు సంగతి చెప్పేది. చెబుతున్నప్పుడు ఏడ్చేది కాదు, రోలరు వైపు చూసేది. అలా చెప్పినదాన్ని ఎవరు కాదంటారు?

నేనూ కాదనలేదు. నా ఇద్దరు కొడుకులకూ డబ్బా పాలే. పెద్దవాడికి ఐదేళ్లు వచ్చేదాకా చెవిలో చీము. చిన్నవాడికి చలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. మా వంశంలోనే ఏదో ఉందనుకున్నాను.

ఇంకో సంగతి. పెద్దమ్మ రోజుల్లో తల్లులు ఇంటికెళ్లి పాలిచ్చి రావడానికి మధ్యాహ్నం అరగంట అడిగేవారట. ఉడుకు పాల మాట పుట్టాక అడగడం ఆగిపోయింది. ఇంతకంటే ఏం కావాలి ఈల సారుకి? ఆయన అసలు పేరు మాకెవరికీ నోరు తిరగదు. టీ టైము అయిపోయిందని ఈల వేస్తాడు, అందుకే ఈల సారు.

మొన్నటి సంగతికి వస్తాను. నా తమ్ముడి పెళ్లాం, అంటే నా మరదలు, మా దగ్గరే మెషిన్ల మీద పని. మొదటి కాన్పు ఆడపిల్ల. బుడ్డది అని పిలుస్తాం. తమ్ముడు లారీ తోలుతాడు, వారానికోసారి ఇల్లు చూస్తాడు. బుడ్డదానికి రెండు నెలలు నిండకుండానే మరదలికి పిలుపొచ్చింది, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని. పిల్లను మా అమ్మ చూసుకుంటానంది. ఇల్లు ఆసుపత్రికి పది నిమిషాల నడక.

మొదటి రోజు మూడో గంటకే మరదలి యూనిఫాం ముందువైపు రెండు చోట్ల తడిసింది.

"వదినా, కారుతోంది. దుప్పటి మీద పడితే?"

"పడితే మళ్లీ ఉతుకుతాం. మనకు వచ్చే మూటల కంటే అదేం మురికి కాదులే," అన్నాను.

రోలరు దగ్గర్నుంచి పెద్దమ్మ గమనించింది. "సింకు దగ్గరికి తీసుకెళ్లవే దాన్ని. కొత్తది, దానికేం తెలుసు."

నేనే తీసుకెళ్లాను. చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లాను. గోడకు తిరిగి నిలబడి పిండుకుంది. పాలు సన్నటి దారాల్లా స్టీలు మీద చిమ్మాయి. ఎన్ని పాలు. బుడ్డది కడుపు నిండా తాగి, తాగలేక వదిలేసేటన్ని. మరదలు ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని చూసింది.

"ఇవి వేడిగా లేవు వదినా. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే."

"లోపల ఉడికి ఉంటాయి. బయటికి రాగానే చల్లారతాయి," అన్నాను.

ఎంత తెలివిగా చెప్పానో చూడండి. ఆ పిల్ల సరైన ప్రశ్న అడిగింది. నేను నోరు మూయించాను.

వెనకనుంచి ఈల సారు, "ఏంటమ్మా, పాలకేంద్రం తెరిచారా? కానివ్వండి, కానివ్వండి, మెషిను ఖాళీగా తిరుగుతోంది," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మరదలు గుండీలు పెట్టుకుని మెషిను దగ్గరికి పరుగెత్తింది.

వారం తిరక్కముందే పాలు తగ్గడం మొదలైంది. మూడు వారాలకు సింకు దగ్గరికి వెళ్లాల్సిన పని లేకుండా పోయింది. పెద్దమ్మ తల నిమిరి, "మంచిదైంది, ఇక నొప్పుండదు," అంది. మరదలు తల ఊపింది. కానీ మధ్యమధ్యలో రొమ్ము మీద చెయ్యి వేసుకుని తడుముకునేది, జేబులో పెట్టుకున్న తాళం ఉందో లేదో చూసుకున్నట్టు.

ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పాలి. మరదలు పనిలోకి వచ్చిన రోజునుంచీ పిల్లకు డబ్బా పాలే. పాలపొడి డబ్బాలో వచ్చే కొలత గరిటె ఎక్కడో జారిపోయింది. అమ్మ టీ చెంచాతో కొలిచేది. అది అందులో సగం కూడా ఉండదు. నీళ్లు కుండలోవే. సీసా వేణ్నీళ్లతో కడగమని డబ్బా మీద రాసుందట, అమ్మకు చదువు రాదు, నేను చదివి చెప్పలేదు. పిల్ల మొదట్లో ఆకలికి గుక్కపట్టి ఏడ్చేది. తర్వాత్తర్వాత ఏడవడం తగ్గింది. "బంగారుతల్లి, ఎంత బుద్ధిగా ఉందో," అని మురిసిపోయాం. ఏడ్చే ఓపిక పోయిందని ఒక్కరికి తట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున నేను వాళ్ల గదిలోకి వెళ్లేసరికి మరదలు బుడ్డదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. పిల్ల తల తిప్పి, నోరు తెరిచి, గుడ్డ మీదనుంచే రొమ్ము కోసం వెతుకుతోంది. మరదలు ముందుకు వంగింది. అంతలోనే ఉలిక్కిపడి, కాలుతున్న పొయ్యి దగ్గర్నుంచి లాగినట్టు పిల్లను వెనక్కి లాగేసుకుంది.

"ఏమైందే?"

"ఇద్దామనిపించింది వదినా." పైట గట్టిగా బిగించుకుంది. "నా చేతులతో నేనే చంపేసేదాన్నేమో."

"ఇవాళ ఆదివారం కదా, నువ్వు బాయిలరు మొహం చూడలేదు కదా."

"ఎన్ని రోజుల వేడి లోపల ఉందో ఎవరికి తెలుసు? పెద్దమ్మ కొడుకు రెండు రోజుల్లో పోయాడు."

తన ఒంటికే తను భయపడటం చూశారా ఎప్పుడైనా? నేను చూశాను. తల్లి పిల్లను ఎత్తుకుంటుంది, కానీ గుండెకు ఆనించుకోదు. చేతులు చాచి, దూరంగా, పగిలే గాజు సామానులా పట్టుకుంటుంది. పిల్ల ఆ రొమ్ము వైపే చూస్తూ ఉంటుంది.

ఆ బుధవారం బుడ్డదానికి విరేచనాలు పట్టుకున్నాయి. గురువారం పొద్దున కొంచెం నయమన్నట్టు కనిపించింది. పనికి వచ్చేశాం. లోపలికి ఫోన్లు తేనివ్వరు. ఇంట్లో ఏదైనా ఉంటే ఈల సారు బల్ల మీది ఫోనుకు చెయ్యాలి. పదకొండు దాటాక ఆయన నింపాదిగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీ అమ్మ ఫోన్ చేసింది. పిల్ల కళ్లు తెరవట్లేదంట."

"ఎప్పుడు చేసింది?"

"ఇందాకే. ఇరవై నిమిషాలైందేమో. ఈ ట్రిప్పు దుప్పట్లు అయ్యాక చెబుదామని ఆగాను."

నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడుతూ కూర్చుంటే ఇరవై ఒకటయ్యేది. మరదల్ని లాక్కుని పరుగెత్తాను.

ఇంట్లో అమ్మ నేల మీద కూర్చుని పిల్లను ఊపుతోంది. ఊపడం ఆపితే ఏమవుతుందోనని ఆపట్లేదు. బుడ్డది మాడు గుంటపడి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, లోపల చూపు లేదు. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాను. తడి గుడ్డ మడతలా అలాగే నిలబడిపోయింది. పద్నాలుగేళ్లుగా గుడ్డల మడతలు సాపు చేస్తున్నదాన్ని. ఆ మడత మీద చెయ్యి పెట్టి రాశాను. పోలేదు.

పిల్లను ఎత్తుకుని మేం పరుగెత్తింది మా ఆసుపత్రికే. ముందు గేటు దగ్గర కాపలా మనిషి మా యూనిఫాం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"లాండ్రీ వాళ్లు వెనకనుంచి."

"మూటలు తేలేదయ్యా, పిల్లను తెచ్చాం. చెయ్యి తియ్యి," అన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, తీశాడు.

పిల్లల వార్డులో కళ్లజోడు తాడుకు కట్టుకున్న పెద్ద వయసు నర్సమ్మ ఒకామె బుడ్డదాన్ని అందుకుని మంచం మీద పడుకోబెట్టింది. ఆ దుప్పటి మడత విప్పుతుంటే గుర్తుపట్టాను, అది నా మడతే. రక్తనాళం దొరకలేదు. చేతిలో దొరకలేదు, కాలిలో దొరకలేదు. డాక్టరు, నర్సమ్మ వంగి వెతుకుతున్నారు. మరదలు మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది, వేళ్ల చివర్లు తెల్లగా అయిపోయాయి. చివరికి తలలో దొరికింది. సన్నటి గొట్టంలోంచి నీళ్లు బొట్టు బొట్టుగా దిగడం మొదలైంది. పిల్ల గాలి పీలుస్తున్నప్పుడల్లా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

నర్సమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "తల్లిపాలు ఇస్తున్నావా?"

"నా పాలు మంచివి కావండీ."

"ఎవరు చెప్పారు?"

మరదలు నా వైపు చూసింది. నిందగా చూడలేదు. చెప్పమన్నట్టు చూసింది, పెద్దదాన్ని కదా. నేను చెప్పాను. బాయిలరు, రోలరు, ఉడుకు పాలు, సింకు. చెబుతుంటే నా గొంతే నాకు ఎవరిదోలా వినిపించింది. నర్సమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను.

"మా కాళ్ల కిందే ఉన్నారు కదమ్మా మీరు," అంది. "ఒక్క ముక్క అడిగి ఉండకూడదూ."

"మీరు దిగి చెప్పి ఉండకూడదూ," అన్నాను నేను.

"అదీ నిజమే," అంది.

తర్వాత మరదల్ని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. మనిషి ఒళ్లు బయటి వేడికి ఉడకదు. ఉడికితే ముందు పోయేది తల్లే. ఎండలో నిలబడినా, మంచులో నిలబడినా పాలు ఒంటి వేడిలోనే ఉంటాయి. వేడిలో పనిచేస్తే తల్లి నీళ్లు ఎక్కువ తాగాలి, అంతే. ఆరు నెలలదాకా బిడ్డకు ఆ పాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు.

"మేం మురికి మూటలు పట్టుకుంటామండీ. ఎవరెవరి రోగాలో," అంది మరదలు.

"చేతులు శుభ్రంగా కడుక్కో. ఇంకా విను. నీ ఒళ్లు ఏ క్రిమిని చూస్తే దానికి విరుగుడు తయారుచేస్తుంది. ఆ విరుగుడు పాలలో పిల్లకు వెళ్తుంది. డబ్బాలో అది రాదు. నీ పాలు తాగుతూ ఉంటే దీనికి ఈ విరేచనాలు వచ్చేవి కాకపోవచ్చు, వచ్చినా ఇంతదాకా వచ్చేది కాదు. చెవిలో చీము, ఛాతీ జబ్బులు కూడా తక్కువ."

నా పెద్దవాడి చెవి, చిన్నవాడి పిల్లికూతలు.

"నీకు కూడా మంచిదే," అని ఆమె మరదలితో అంటూనే ఉంది. "కాన్పయ్యాక బిడ్డ రొమ్ము చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తం పోవడం తగ్గుతుంది. ముందు ముందు రొమ్ము క్యాన్సరు, అండాశయం క్యాన్సరు వచ్చే ప్రమాదం కూడా తగ్గుతుంది. ఇదేదో త్యాగం చేస్తున్నావనుకోకు, నీ ఒంటికి నువ్వు చేసుకుంటున్న మేలు."

మరదలు అదంతా విన్నదో లేదో. ఒక్కటే అడిగింది. "ఇప్పుడు ఇవ్వొచ్చా?"

పిల్లకు కాస్త ఊపిరి నిలబడ్డాక సాయంత్రం తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టారు, గుడ్డ అడ్డం లేకుండా. బుడ్డది వెతుక్కుంది. నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు, మూడుసార్లు లాగింది. ఏమీ రాలేదు. వదిలేసి, ఏడుపు కూడా రాని మొహం పెట్టింది.

"ఎండిపోయాయి," అంది మరదలు. "నేనే పోసేశాను. అన్నీ సింకులో పోసేశాను."

"బిడ్డ అడిగితే ఒళ్లు తయారుచేస్తుంది. నెల రోజులుగా ఎవరూ అడగలేదు, మానేసింది," అంది నర్సమ్మ. "రెండు గంటలకోసారి అడగనివ్వు. రాకపోయినా పెట్టు. అప్పటిదాకా పాలపొడే పడదాం, కానీ కాచిన నీళ్లతో, సరైన కొలతతో, చిన్న గిన్నెతో."

"వస్తాయని మాటిస్తారా?"

"మాటివ్వను. చాలామందికి వస్తాయి. కొందరికి పూర్తిగా రావు. ఆపకుండా పెడితేనే తెలిసేది."

ఆ మాటతో మూడు రోజులు గడిపాం. రెండు గంటలకోసారి. మరదలు కళ్లు మూసుకుని పెట్టేది, పిల్ల లాగేది, రాకపోతే వదిలేసేది. మూడో రోజు మధ్యాహ్నం నేను దుప్పటి మార్చడానికి వంగాను. మంచం పక్కన ఒక చిన్న చప్పుడు. గుటక. మళ్లీ ఇంకోటి. మరదలు కదలకుండా, ఊపిరి బిగబట్టి నా వైపు చూసింది. "విన్నావా వదినా?" అని కళ్లతోనే అడిగింది. బుడ్డది పెదవి అంచున తెల్లటి తడి.

కొన్ని చుక్కలే. అప్పటికీ, ఇప్పటికీ కొన్నే. గండం గడిచిందని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పగలు నర్సమ్మ మెట్లు దిగి మా లాండ్రీకి వచ్చింది. ఇన్నేళ్లలో పైనుంచి కిందికి దిగిన మొదటి మనిషి. చేతిలో జ్వరం చూసే థర్మామీటరు. ఈల సారు లేచి నిలబడి ఏదో అనబోయాడు, ఆమె వినిపించుకోలేదు. తిన్నగా రోలరు దగ్గరికి వెళ్లింది.

"పెద్దమ్మా, చెయ్యెత్తు."

పెద్దమ్మ రోలరు ఆపించి చెయ్యెత్తింది. చంకలో పెట్టింది. చుట్టూ మూగాం. తీసి చూపించింది. తొంభై ఎనిమిది. బాయిలరు గది మనిషిని పిలిచింది. తొంభై ఎనిమిది. నాది చూసింది. అదే.

"నాకు చూడండమ్మా," అని తోసుకొచ్చింది మెషిన్ల దగ్గరావిడ. "నాకు పెళ్లయినప్పటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది, నాది వంద దాటకపోతే అడగండి."

"తొంభై ఎనిమిదిన్నర," అంది నర్సమ్మ.

"ఆ అర మా ఆయనది," అంది ఆవిడ. అందరూ నవ్వారు, పెద్దమ్మ తప్ప.

పెద్దమ్మ థర్మామీటరు తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. ఆమెకు అంకెలు వచ్చు. చాలాసేపు చూసింది.

"నా కొడుకు..." అని ఆగింది.

నర్సమ్మ మెల్లగా అడిగింది. "నువ్వు పనిలో ఉన్నప్పుడు పగలంతా ఏం తాగేవాడు?"

"సీసా పాలు. పక్కింటావిడ పట్టేది. పొద్దున కలిపిందే సాయంత్రందాకా." 

ఎండాకాలం సీసాలో పొద్దున కలిపిన పాలు సాయంత్రానికి ఏమవుతాయో అక్కడున్న అందరికీ తెలుసు.

"అంటే నేను కాదా," అంది పెద్దమ్మ.

"నువ్వు కాదు."

ఆమె మురికి మూటల మీద కూలబడింది. ముప్పై రెండేళ్లుగా మోస్తున్నది దిగిపోతే మనిషి తేలికపడాలి కదా. ఆమె మొహం తేలికపడలేదు. మా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తోంది. నన్ను చూసింది. మెషిన్ల దగ్గరావిడను చూసింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని నాకు అర్థమైంది. ఎంతమందికి చెప్పిందో, ఎంతమంది సింకు దగ్గరికి వెళ్లారో.

"నేను వీళ్లందరికీ..." అంది. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు ఒక్కదానివే చెప్పలేదు. నా మరదల్ని తీసుకెళ్లింది నేను," అన్నాను.

అప్పుడు నర్సమ్మ గోడల వంక చూసి, "నాలుగేళ్ల కింద తల్లిపాల పోస్టరు ఒకటి కిందికి పంపించానే. ఏదీ?" అంది.

ఎవరికీ గుర్తులేదు. ఈల సారు గొంతు సవరించుకున్నాడు. "తడికి గోడ మీద నిలవలేదండీ. ఊడి కింద పడింది. మడతల బల్ల ఊగుతోందని కంప్లయింట్ వస్తే..."

కంప్లయింట్ చేసింది నేనే. వంగి చూశాను. నా బల్ల కోడు కింద నాలుగు మడతలు పెట్టిన దళసరి కాగితం. నాలుగేళ్లు దాని పక్కనే నిలబడి మడతలు వేశాను. బల్ల ఎత్తించి లాగాను, విప్పాను. మధ్యలో కోడు గుచ్చుకుని చిల్లు. తల్లి బొమ్మ, కింద వరసలు. నాకు బడి చదువు లేదు, ఆసుపత్రి మూటల మీద అంటించే చీటీలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని పైకి చదివాను. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుస: తల్లిపాలు ఎల్లప్పుడూ బిడ్డకు సరిపోయే వేడిలోనే ఉంటాయి.

"మళ్లీ చదువు," అంది పెద్దమ్మ.

మళ్లీ చదివాను.

ఈల సారు ఈ వరుస చదివే మడత పెట్టాడో, చదవకుండా పెట్టాడో నాకు తెలియదు. ఆయన కుర్చీలోంచి సింకు కనిపిస్తుందని మాత్రం తెలుసు.

నిన్న మరదలు మేనేజరు దగ్గరికి నర్సమ్మ రాసిచ్చిన కాగితం పట్టుకెళ్లింది. నేను తోడు వెళ్లాను. రెండు మూడు గంటలకోసారి బిడ్డకు పాలివ్వాలి, లేకపోతే తిరిగొస్తున్న పాలు మళ్లీ పోతాయని అందులో ఉంది. మేనేజరు చదివాడు. "సోమవారం రావాలి. ఉదయం ఏడింటినుంచి తొమ్మిది గంటల షిఫ్టు. ఇది ఉతికే చోటు, పిల్లల్ని పెంచే చోటు కాదు," అన్నాడు. ఆయన వెనక గోడ మీద కూడా ఆ తల్లి బొమ్మే ఉంది, చిన్న సైజుది.

శనివారం బుడ్డదాన్ని ఇంటికి పంపిస్తారు. సోమవారం తొమ్మిది గంటలు మరదలు మెషిన్ల దగ్గర ఉంటే ఆ కొన్ని చుక్కలూ ఆగిపోతాయి. ఆగిపోతే మళ్లీ సీసా. మళ్లీ ఆ మాడు గుంట. నిన్నటినుంచి మరదలు మళ్లీ రొమ్ము తడుముకోవడం మొదలుపెట్టింది.

అందుకని వినండి. బతిమాలడం అయిపోయింది.

బాయిలరు గోడకు దూరంగా, మూటల గది పక్కన పాత కుర్చీలు పడేసిన గది ఉంది. దాన్ని ఖాళీ చేయించండి. తలుపుకు లోపలినుంచి గడియ, ఒక కుర్చీ, మంచినీళ్లు, చేతులు కడుక్కునే కుళాయి, పిండిన పాలు పెట్టుకోవడానికి చిన్న ఫ్రిజ్. పాలిచ్చే తల్లి ఎప్పుడు వెళ్లాలంటే అప్పుడు వెళ్తుంది, ఈల ఊదకూడదు. బిడ్డను తెచ్చే మనిషికి వెనక గేటు తెరవాలి. కాన్పయిన మనిషికి ఆరు నెలలదాకా సెలవు, ఉద్యోగం పోతుందన్న బెదిరింపు లేకుండా. పైనుంచి ఒక నర్సు నెలకోసారి కిందికి దిగాలి. ఆ పోస్టరును అద్దం బిగించి సింకు పైన కొట్టండి, చిల్లుతోనే.

సోమవారం ఉదయం ఏడింటికి మా అమ్మ బుడ్డదాన్ని ఎత్తుకుని వెనక గేటు దగ్గర ఉంటుంది. పెద్దమ్మ రోలరు మీట పక్కన నిలబడి ఉంటుంది. పిల్ల లోపలికి వచ్చాకే ఆ మీట వేస్తానంది. ముప్పై ఐదేళ్లలో ఆమె అన్న మాట మేమెవరం దాటలేదు, ఇదీ దాటం.

ఇవాళ శుక్రవారం. రెండు రోజులున్నాయి. గది తెరవండి.